తేదీ లేని ఎదురుచూపు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గదుల్లో ఉండి ఉద్యోగానికి చదివే పిల్లల్లో చాలామంది పండక్కి ఊరెళ్లరు. సిలబస్ మిగిలిందని ఇంట్లో చెబుతారు. బస్సు దిగగానే "ఇప్పుడేం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడుగుతారన్నదే వాళ్ల భయం. అడిగేవాళ్లంతా కావలసినవాళ్లే, అందుకే కోప్పడటానికీ వీల్లేదు.

పరీక్ష పోతే ఏడ్చి, తేరుకుని, ఇంకో దారి వెతుక్కోవచ్చు. తెలంగాణ గ్రూప్-2 అభ్యర్థులకు చాలాకాలం ఆ వీలు కూడా లేకపోయింది. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష నవంబరుకు, తర్వాత 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు పోయి, చివరికి డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. కొన్ని వాయిదాలు అభ్యర్థులే కోరారు, నిజమే. గురుకుల, డీఎస్సీ పరీక్షల పక్కనే దీన్నీ పెడితే ఎవరైనా ఏం చేస్తారు? గ్రూప్-1 ప్రిలిమ్స్ అయితే ఒకసారి పేపర్ లీకై, మరోసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది.

ఆ రెండేళ్లూ రూమ్ అద్దె ఆగదు, మెస్ బిల్లు ఆగదు. ఆడపిల్లకైతే సంబంధాలు కూడా ఆగవు. "ఇదొక్కటి రాయనీ నాన్నా" అని బతిమాలుకున్న పరీక్ష వాయిదా పడితే, ఆమె మాట కూడా ఇంట్లో చెల్లకుండా పోతుంది.

ప్రైవేటు ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లదీ ఇదే గోస. ఇంటర్వ్యూ అయ్యాక "చెబుతాం" అంటారు, చెప్పరు. కాదన్నా బాగుండేది. ఏ కబురూ రాకపోతే తప్పంతా తమదేనని పిల్లలు నమ్మేస్తారు. ఇంగ్లిష్ రాదనుకుంటారు, కాలేజీ మంచిది కాదనుకుంటారు, చివరికి తామే పనికిరామనుకుంటారు. స్నేహితుడికి ఉద్యోగం వస్తే మనస్ఫూర్తిగా సంతోషించలేక, ఆ సంగతికి రాత్రంతా కుమిలిపోతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

2024 ఆగస్టు 2న తెలంగాణ శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. అలాంటి క్యాలెండర్‌లో ప్రకటించే తేదీలకు ప్రభుత్వం కట్టుబడాలి, తప్పితే కారణం చెప్పి కొత్త తేదీ అప్పుడే ఇవ్వాలి. ఇంటర్వ్యూ చేసిన ప్రతి కంపెనీ ఎంపిక కానివాళ్లకు ఒక్క ముక్క మెసేజ్ పెట్టాలి. దానికి ఖర్చేమీ లేదు.

మనసు మరీ బరువెక్కినవాళ్లు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఆ నంబరు లైబ్రరీ గోడల మీద, కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గర, మెస్సుల్లో పెద్ద అక్షరాలతో రాయించాలి. అందుకు ఏ నోటిఫికేషన్ కోసమూ ఆగనక్కర్లేదు.