వినేవాడు లోకువ కాదు

"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అంటారు పెద్దవాళ్ళు. పవర్ సప్లై విషయంలో మాత్రం ఈ సామెతని తిరగేయాలని నా అభిప్రాయం. ముఖ్యంగా మన సీఎస్ఈ వాళ్ళం.

ముందు సంగతేంటో చెప్తాను. ల్యాబ్‌లో పవర్ సప్లైకి నాబ్ ఉంటుంది, తిప్పితే వోల్టేజి మారుతుంది. ఎలక్ట్రిక్ బండిని ఛార్జ్ చేసేటప్పుడు నాబ్ తిప్పే మనిషి ఉండడు. "నాకు ఇన్ని వోల్టులు, ఇన్ని ఆంపియర్లు కావాలి" అని బ్యాటరీ తరఫున బండే అడుగుతుంది. కొన్ని రకాల ఛార్జర్లలో ఈ సంభాషణ క్యాన్ బస్ మీద నడుస్తుంది. బస్ అంటే ఇక్కడ రెండు వైర్లే. 1986లో బాష్ కంపెనీ కార్ల కోసం బయటపెట్టిన పద్ధతి ఇది. మామూలు క్యాన్‌లో ఒక్కో మెసేజ్‌లో డేటాకి ఉన్న చోటు 8 బైట్లు. మన దేశం కోసం 2017లో రాసిన భారత్ డీసీ-001 ఛార్జర్ కూడా బండితో క్యాన్ మీదే మాట్లాడుతుంది.

చైనా వాళ్ళ జీబీ/టీ 27930 స్టాండర్డ్ తీసుకుందాం. అందులో కావలసిన వోల్టేజిని 0.1 వోల్టు లెక్కన రెండు బైట్లలో పంపాలి. 72 వోల్టులు కావాలంటే పంపే అంకె 720, అంటే 2×256 + 208. బైట్లు 208, 2. చిన్న బైటు ముందు వెళ్ళాలి. కోడ్ రాసినవాళ్ళు ఆ రెండింటినీ తారుమారు చేశారనుకోండి, అవతల అది 53250 అవుతుంది. అంటే 5325 వోల్టులు!

మెసేజ్‌కి సీఆర్‌సీ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ అది చూసేది పంపిన బిట్లే చేరాయా అని. పంపినవాడు సరైనదే పంపాడా అన్నది దానికి తెలియదు. మాట చేరడం వేరు, అర్థం చేరడం వేరు. సాహిత్య క్లబ్బులో ఉన్నవాళ్ళకి ఇది నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

అందుకే భారం వినేవాడి మీద పడుతుంది. పవర్ సప్లై మూడు పనులు చేయాలి. ఒకటి, తన పరిధి దాటిన అంకె వస్తే "కుదరదు" అనాలి. రెండు, ఈ స్టాండర్డ్‌లో బండి ప్రతి 50 మిల్లీసెకన్లకి ఒకసారి అడుగుతూనే ఉంటుంది. గడువు దాటినా మెసేజ్ రాకపోతే పాత వోల్టేజినే పట్టుకుని కూర్చోకుండా అవుట్‌పుట్ ఆపేయాలి. మూడు, తిరిగి చెప్పేటప్పుడు అడిగిన అంకె కాదు, కొలిచిన అంకె చెప్పాలి.

మన అలవాటేమో దీనికి ఉల్టా. ఫంక్షన్‌ని పిలుస్తాం, "ట్రూ" వస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. స్క్రీన్ మీద అయితే పేజీ రీఫ్రెష్ చేసుకోవచ్చు. కాలిన బ్యాటరీని రీఫ్రెష్ చేయలేం.

"ఇది ఈసీఈ వాళ్ళ సబ్జెక్టు, మన ప్యాకేజీలు మాదాపూర్‌లో ఉన్నాయి" అని క్లాసులో ఎప్పుడూ వినే మాట. ప్యాకేజీ సంగతి నేను కాదనను, ఇంట్లో లోను కట్టాల్సినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. కానీ పైన చెప్పిన మూడు పనుల్లో ఏదీ సర్క్యూట్ కాదు, మూడూ కోడే. పైగా బ్యాటరీలు, రైళ్ళకి కవచ్ పరికరాలు చేసే హెచ్‌బీఎల్ మన శామీర్‌పేట దగ్గర అలియాబాద్‌లోనే ఉంది. మేడ్చల్ నుంచి మాదాపూర్ కన్నా అదే దగ్గర. అలాంటి చోట తప్పు అంకెని ఆపే కోడ్ రాసేవాళ్ళు కావాలి కదా?

నేను అడిగేది పెద్దదేం కాదు. థర్డ్ ఇయర్‌లో ఒక్క ల్యాబ్ పెట్టండి. రెండు చిన్న క్యాన్ బోర్డులు, 12 వోల్టులు దాటని ఒక సప్లై చాలు. ఒక టీమ్ కావాలని తప్పుడు మెసేజ్‌లు పంపాలి, మధ్యలో వైరు పీకేయాలి. రెండో టీమ్ కోడ్ వేటిని ఒప్పుకోలేదో చూసి మార్కులు వేయండి. చెప్పింది చేసే ప్రోగ్రాములు ఇప్పటికే బోలెడు రాశాం. "వద్దు" అనగలిగే ప్రోగ్రాము ఒక్కటైనా రాసి బయటికి వెళ్దాం.