తిండికి పుట్టినూరి పేరు

స్వదేశాభిమానము సభలయందును, జెండాలయందును మాత్రమే ఉండునని తలచువారు ఇటలీ దేశమందలి ట్యూరిన్ నగరమునకుపోయి, లింగోట్టో పేటలోని ‘ఈటలీ’ అను అంగడిని ఒకమారు చూడవలెను. అంతకు పూర్వము విద్యుత్ గృహోపకరణములమ్మిన ఆస్కార్ ఫారినెట్టి అను వర్తకుడు, మూతబడిన కార్పానో మద్యపు కర్మాగారమును బాగుచేయించి 2007 జనవరిలో దీనిని తెరచెను. 2010లో న్యూయార్కునందును, 2012లో రోమునందును, 2014లో మిలాన్‌నందును ఇట్టి అంగళ్లు వెలసినవి.

లోపల ఒకవంక చీజు, ఒకవంక చేపలు, వేరొకవంక పాస్తా, రొట్టె, ద్రాక్షసారా అమ్ముదురు. అమ్ముచోటు చెంతనే వండి వడ్డింతురు. తిన్నది నచ్చినచో ఆ సరకునే కొని ఇంటికి గొనిపోవచ్చును. వంట నేర్పు తరగతులును కలవు. సరకు ఏ సీమలో పుట్టినది, ఎవరు చేసినది అను విషయము గోప్యముగాక, ప్రకటనయై యుండుటయే ఇచటి విశేషము. దళారి చాటున మరుగుపడు ఉత్పత్తిదారుడు ఇచట కొంత వెలుగులోనికి వచ్చును.

ఈ భావము ఒక వర్తకుని బుఱ్ఱలో అకస్మాత్తుగ మొలచినదికాదు. 1986లో రోము నగరపు నడిబొడ్డున, స్పెయిన్ చౌకమందు అమెరికావారి మెక్‌డొనాల్డ్స్ భోజనశాల వెలసినప్పుడు జనులు నిరసన తెలిపిరి. ఆ సందడినుండి కార్లో పెత్రీని నాయకత్వమున ‘స్లో ఫుడ్’ ఉద్యమము ప్రబలెను. తొందరతిండికి మాఱుగా నేలనెఱిగి, రైతునెఱిగి తినవలెనని వారి బోధ. ట్యూరిన్ అంగడికి సరకుల విషయమున సలహాదారులైనవారును వీరే.

చట్టమును వారికి తోడ్పడెను. ఒక సీమ నేలవలనను, నేర్పువలనను గుణముపొందిన ఆహారపు పేరును ఇతరులు వాడరాదని 1992లో ఐరోపావారు నిబంధన చేసిరి. పార్మిజానో రెజ్జానో అను చీజును పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా మండలములందును, బొలోన్యా, మాంతువాల కొన్ని భాగములందును మాత్రమే చేయవలెను. కనీసము 12 నెలలు మాగబెట్టవలెను. జర్మనీలో వేఱు చీజులను ‘పార్మెజాన్’ అను పేర నమ్ముచుండగా వ్యాజ్యము పుట్టెను. ఆ పేరు అసలు పేరును స్ఫురింపజేయును గావున దానినట్లు వాడరాదని ఐరోపా న్యాయస్థానము 2008లో నిర్ణయించెను. అయితే జర్మనీ ప్రభుత్వము తనంతట తానుగా దోషులను వెదకి శిక్షింపవలసిన విధి లేదనియు అదే తీర్పులో చెప్పెను. చట్టము హక్కునిచ్చును, కావలి మాత్రము హక్కుదారుడే కాచుకొనవలెను.

ఇంత మెచ్చుకొనిన పిమ్మట లోపమును దాచుట ధర్మముకాదు. అచటి వెలలు సామాన్యుని సంచికి అందునవికావు. కూలివాని అన్నముగా పుట్టిన వంటకము ధనికుని వేడుకగా మాఱినచో అది గౌరవమా, అపహరణమా? 2022లో ఆ సంస్థయందు నూటికి 52 పాళ్ల వాటాను ఇన్వెస్టిండస్ట్రియల్ అను పెట్టుబడిదారుల సంఘము కొనెను. బొలోన్యా చెంత 2017లో సుమారు 10 హెక్టార్ల మేర ‘ఫికో’ అను ఆహారప్రదర్శనశాలను తెరచిరిగాని, ఆశించినంత జనము రాక నష్టములపాలై, 2024లో పేరును, రూపును మార్చుకొనవలసివచ్చెను. ఆడంబరమునకు ఆయువు తక్కువ; పెరటినేలకును, పనివాని నేర్పునకును ఎక్కువ.

మన దేశమందును 1999లో ఇట్టి చట్టము పుట్టి 2003లో అమలులోనికి వచ్చెను. బందరు లడ్డు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులు 2023లోను భౌగోళిక గుర్తింపు పొందినవి. సంతోషమే! కాని ఆ పత్రమును పటముకట్టి గోడకు తగిలించి కూర్చుండినచో, రేకులు తీయు స్త్రీ చేతికి ఒక్క కాసైనను అధికముగ చేరునా? ఎచటనో కలగలిపి చేసినదానిపై ఆత్రేయపురము పేరు వ్రాసి అమ్మువాని నెవరు నిలదీయుదురు?

కావున ఇటలీ అంగడినుండి మనము గ్రహింపవలసినది పాలరాతి బల్లలను, దీపాలంకారములను కాదు. చేసినవాని పేరు, ఊరిపేరు సరకుతోగూడ కొనువాని చేతికందవలెను. ఆ పేరువలన వచ్చు లాభము ఆ ఊరికే మరలవలెను. ఉత్పత్తిదారులు సంఘములై తమ పేరును తామే కాచుకొనవలెను. కొను మనము, “ఇది ఎవరు చేసినది? ఏ ఊరిది?” అని అడుగుట నేర్చుకొనవలెను. ఆ ప్రశ్న ప్రతి అంగడిలో వినబడిననాడు స్వదేశీవ్రతము మన వంటింట నిలిచినట్లే.