నూనె గిన్నె అల్లుడి చేతికిస్తే తప్పేమిటి?

అక్కావాళ్ళింట్లో పది రోజులు సాయముండి నిన్ననే ఇల్లు చేరాను. అక్కడ ఒక చిన్న యుద్ధం జరిగింది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

అక్క కూతురికి ఆడపిల్ల పుట్టి రెండు నెలలు. పాపకి నూనె రాసి నీళ్ళు పోయడానికి రోజూ పొద్దున్నే ఒకావిడ వస్తుంది. నేను వెళ్ళిన మర్నాడు, ఆదివారం, ఆవిడ రాలేదు. పాపని చూడ్డానికొచ్చిన అల్లుడు శుభ్రంగా చేతులు కడుక్కొచ్చి, "అత్తయ్యగారూ, ఇవాళ నూనె నేను రాస్తాను" అన్నాడు. అక్క అప్పటికి ఏమీ అనలేదు. వంటింట్లోకొచ్చాక మాత్రం, "మగాడు పసిపిల్లకి నూనె రాయడమేమిటే, చోద్యం కాకపోతే! ఆ మొరటు చేతులకి ఏ నరమో బెణికితే?" అని నామీద విరుచుకుపడింది.

నేను అల్లుడి పక్షం. ఎందుకో చెబుతాను.

ఇరవై ఏళ్ళ కిందట మా బాబు పుట్టినప్పుడూ ఇలాగే ఒకావిడ వచ్చేది. చేయి తిరిగిన మనిషి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాణ్ణి బోర్లా వేసుకుని వీపు, నడుము, పిక్కలు చకచకా రుద్దేసేది. చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీంచి నేను చూస్తుండేదాన్ని. ముక్కులో నూనె చుక్కలు వేసి ఊదేది, రొమ్ములు నొక్కి పాలు పిండేది. వాడు గుక్కపట్టేవాడు. "ఏడిస్తేనే బలమమ్మా" అనేది. ఆపమనడానికి నాకు నోరు రాలేదు. బిడ్డ నావాడే, కానీ వాడి ఒంటి సంగతి ఆవిడకే తెలుసని అందరం ఒప్పేసుకున్నాం. అత్తారింటికొచ్చాక మొదటిసారి నేనే నీళ్ళు పోయాల్సివస్తే చేతులు వణికాయి. వాడి నడుము మీద పుట్టుమచ్చ ఉందని ఆరోజే చూశాను, మూడో నెలలో! మా ఆయనైతే వాడికి మెడ నిలిచేదాకా ఎత్తుకోనేలేదు.

ఆవిణ్ణి తప్పు పట్టను. కోత పడిన ఒంటితో పీట మీద కూర్చోలేని బాలింతకి అలాంటి మనిషి దొరకడం అదృష్టమే. నీళ్ళు ఆవిణ్ణే పోయనివ్వండి. కానీ నూనె రాయడం కన్నవాళ్ళ చేతుల్లో ఉండాలంటాను.

లెబోయే అనే ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు కలకత్తాలో శాంతల అనే ఆవిడ తన బిడ్డని కాళ్ళ మీద వేసుకుని నూనె రాయడం చూసి ముగ్ధుడై, 1976లో ఆమె పేరుతోనే ఫొటోలతో పుస్తకం వేశాడు. పాశ్చాత్య దేశాల్లో చాలామంది తల్లిదండ్రులు ఈ విద్య మీద మనసు పడింది ఆ పుస్తకం చూశాకే. ఆ ఫొటోల్లో రాస్తున్నది కన్నతల్లి. మనమేమో ఆ పనిని పరాయి చేతికిచ్చి గుమ్మంలో నిలబడ్డాం.

ఇది ముద్దుమురిపాల కోసమే అనుకోకండి. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని రోజుకి మూడుసార్లు, పావుగంట చొప్పున పదిరోజులు నిమిరి, కాళ్ళూచేతులూ మెల్లగా ఆడించి చూసింది. మిగతా పిల్లలకన్నా వాళ్ళు రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. నెలలు నిండని పిల్లలున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

రాసేవాళ్ళు ఎవరైనా సరే, ఉంగరాలు తీసెయ్యాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి. పాలు తాగిన వెంటనే వద్దు. జ్వరమున్నరోజు వద్దు. టీకా వేసినచోట ముట్టుకోవద్దు. బొడ్డు మానాకే పొట్ట మీద చెయ్యి వెయ్యాలి, అదీ గడియారం ముల్లు తిరిగేవైపు, మెత్తగా. ముక్కులో, చెవుల్లో నూనె పొయ్యొద్దు. పసిపిల్లల రొమ్ములు ఉబ్బడం తల్లి హార్మోన్ల వల్ల, దానంతటదే తగ్గిపోతుంది. నొక్కితే పుండవుతుంది. సాంబ్రాణి పొగ ఆ లేత ఊపిరితిత్తులకి పడదు. బిడ్డ ఏడిస్తే ఆపెయ్యాలి. ఏడుపు బలం కాదు, "వద్దు" అని చెప్పడం.

అక్క చెప్పిన మొరటు చేతుల సంగతికొస్తే, ఆ ఆదివారం అల్లుడు పట్టుమని పది నిమిషాలు రాసి ఉంటాడు. భయంతో అతని నుదుట చెమట. పాప మాత్రం ఏడవలేదు, కళ్ళు విప్పార్చి వాళ్ళ నాన్న మొహమే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు మా ఆయనకి దక్కలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

మొన్న ఆదివారం నీళ్ళు పోసే ఆవిడ వేళకే వచ్చింది. "కాసేపు కూర్చో, కాఫీ తాగుదువుగాని" అని ఆవిణ్ణి కూర్చోబెట్టి, అక్క గోరువెచ్చని నూనె గిన్నె తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. మాటైతే ఏమీ అనలేదు.