యాప్ రాసేది ఒక నెల, మోసేది ఏళ్ల తరబడి

కొత్త ఫోన్ లాంచ్ అయిందంటే ఈ సైట్ చదివే మీకు పండగే. కెమెరా ఎలా ఉంది, ప్రాసెసర్ ఏంటి, ధరెంత అని చూస్తారు. యాప్ రాసేవాడికి వచ్చే మొదటి డౌట్ వేరు: ఇందులో నా యాప్ నడుస్తుందా? కొత్త ఆండ్రాయిడ్ వచ్చినా, ప్లే స్టోర్ రూల్ మారినా మళ్లీ అదే డౌట్.

నేను రాజమండ్రిలో ఇంటి నుంచే యాప్‌లు రాస్తాను. టీమ్ లేదు, ఇన్వెస్టర్ లేడు. ఇల్లు గడిపే యాప్ ఒకటుంది. కడియం, కడియపులంక నర్సరీల వాళ్లు వాడతారు. లోడులో ఏ మొక్క ఎన్ని పంపారు, కవర్ సైజు ఎంత, రేటెంత, అడ్వాన్సు ఎంత వచ్చింది, బాకీ ఎంత. అంతే, ఇంకేం లేదు. ఈ పనిలో నాకు బాగా కుదురుకున్న అభిప్రాయం ఒకటి చెప్తాను. ఒక్కడే యాప్ చేసేవాడు ఎంత రాయగలడో లెక్క వేసుకుంటే సరిపోదు, ఎంత మోయగలడో లెక్క వేసుకుని మొదలుపెట్టాలి.

రాయడం తేలికైపోయింది, మరి తర్వాత?

ఇప్పుడు ఏఐ టూల్స్‌ని అడిగితే సాయంత్రానికల్లా ఒక యాప్ చేతికొస్తుంది. స్క్రీన్లు, డేటాబేస్, లాగిన్, అన్నీ ఉంటాయి. నేనూ వాడతాను, బాగానే పనికొస్తాయి. కానీ యాప్ స్టోర్‌లో పెట్టిన రోజు నుంచి మొదలయ్యే పని వేరు.

ప్లే స్టోర్ డెవలపర్ అకౌంట్‌కి 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. ఆపిల్‌కైతే ఏటా 99 డాలర్లు. డబ్బు సంగతి అంతవరకే. ప్రతి ఏడాదీ గూగుల్ ఒక గడువు పెడుతుంది. కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 2024 ఆగస్టు 31 నుంచి ఆండ్రాయిడ్ 14ని, 2025 ఆగస్టు 31 నుంచి ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేయాలన్నారు. టార్గెట్ నంబర్ మార్చడం ఒక్క లైను పని. ఆ లైను మారాక ఏం విరిగిందో వెతకడమే అసలు పని. ఆండ్రాయిడ్ 15లో యాప్ స్క్రీన్ పై అంచు నుంచి కింది అంచు దాకా పరుచుకుంటుంది. చూసుకోకపోతే 'సేవ్' బటన్ నావిగేషన్ బార్ కిందకి దూరిపోతుంది.

తర్వాత 16 కేబీ గొడవ. ఫోన్ మెమరీని పేజీలుగా విడదీసి వాడుకుంటుంది. ఇన్నాళ్లూ ఆ పేజీ 4 కేబీ. ఇకపై 16 కేబీ ఉండే ఫోన్లలోనూ నడవాలని 2025 నవంబరు 1 నుంచి రూల్. మీ యాప్ అంతా కోట్లిన్‌లోనే ఉంటే పెద్దగా పని పడదు. సీ, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన లైబ్రరీలు లోపల ఉంటే వాటన్నిటికీ కొత్త వెర్షన్ కావాలి. ఆ లైబ్రరీ రాసినవాడు దాన్ని వదిలేసి ఉంటే భారం మీది. అందుకే ఒక చిన్న యానిమేషన్ కోసం లైబ్రరీ కలిపే ముందు నేను పదిసార్లు ఆలోచిస్తాను.

కోడ్ మారకపోయినా ఊరు మారొచ్చు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కోనసీమ జిల్లాకి కేంద్రమైంది, కాకినాడ వేరే జిల్లా అయింది, రాజమండ్రి తూర్పు గోదావరికి కేంద్రమైంది. బిల్లు మీద అడ్రస్ ప్రింట్ చేసే ప్రతి యాప్‌లోనూ జిల్లాల లిస్టు పాతబడిపోయింది. పాత బిల్లుల్లో పాత జిల్లా అలాగే ఉండాలి, కొత్త వాటిలో కొత్తది రావాలి. ఇలాంటి పనికి కొత్త ఫీచర్ అని పేరు రాదు, ఎవరూ ఐదు స్టార్లు ఇవ్వరు. చేయకపోతే మాత్రం ఒక స్టార్ గ్యారంటీ.

నెట్ ఎప్పుడూ ఉంటుందని ఎవరు చెప్పారు?

2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు సిగ్నల్ కోసం పొరుగు ఊళ్లకి వెళ్లాల్సి వచ్చింది. సర్వర్ దొరికితే తప్ప తెరుచుకోని యాప్‌లన్నీ ఆ రోజుల్లో ఫోన్‌లో ఉన్నా లేనట్టే.

అంత పెద్ద సంగతి కూడా అక్కర్లేదు. వాన గట్టిగా కురిస్తే, తోట లోపలికి నాలుగడుగులు వేస్తే చాలు, సిగ్నల్ పోతుంది. లారీ డ్రైవర్ గేటు దగ్గర తొందరపెడుతుంటే స్క్రీన్ మీద గిరగిరా తిరిగే చక్రాన్ని చూస్తూ ఎవరూ నిలబడరు. జేబులోంచి నోటు పుస్తకం తీస్తారు. మన అసలు పోటీ ఆ పుస్తకమే. దానికి లాగిన్ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. ఒక నర్సరీ పెద్దాయన నాతో అన్నారు, "బాబూ, రంగులు ఎలాగున్నా పర్లేదండి, నెట్ లేనప్పుడు బాకీ కనపడాలండి, ఆయ్!" నేను చదివిన ప్రొడక్ట్ డిజైన్ పాఠాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అందుకే నా యాప్‌లో డేటా ముందు ఫోన్‌లోనే ఉంటుంది, నెట్ దొరికినప్పుడు బ్యాకప్ వెళ్తుంది.

తెలుగు మన పనే

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగు 'జ్ఞా' అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అప్పట్లో అందరం జోకులేసుకున్నాం. కానీ ఒకటి ఆలోచించండి. ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీల్లో ఒకటి కూడా మన ఒత్తుల్ని పూర్తిగా టెస్ట్ చేయలేదు. మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

తెలుగు సపోర్ట్ అంటే మెనూలు అనువదించడం ఒక్కటే కాదు. నర్సరీలో 'మందారం' అని తెలుగులో వెతికేవాళ్లున్నారు, అదే మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాల స్పెల్లింగ్‌లతో కొట్టేవాళ్లున్నారు, మైకు నొక్కి చెప్పేవాళ్లున్నారు. ముగ్గురికీ మందారమే దొరకాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న పెద్ద టీమ్‌కి ఈ పని తీరిక దొరికితే చేసేది. కడియం పక్కన ఉన్నవాడికి ఇదే బలం.

వద్దు అనడం కూడా ప్రొడక్ట్ పనే

వాడేవాళ్లు అడుగుతూనే ఉంటారు. లారీ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించు, చాట్ పెట్టు, మొక్కల ఫోటోలతో షాపు పెట్టు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచి ఐడియానే. కానీ లారీ ట్రాకింగ్ పెట్టాలంటే యాప్ మూసి ఉన్నప్పుడు కూడా లొకేషన్ తీసుకోవాలి. దానికి ప్లే స్టోర్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. పైగా బ్యాటరీ ఆదా పేరుతో బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని చంపేసే ఫోన్లు బోలెడు. అర్ధరాత్రి లారీ మ్యాప్‌లో కనపడకపోతే ఫోన్ వచ్చేది నాకే. మర్యాదగా "లేదండీ" అంటాను.

మన భాషలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. వీవెన్ చేసిన లేఖిని. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే తెలుగులో వస్తుంది. చేసేది ఆ ఒక్క పనే. ఇంటర్నెట్‌లో తెలుగు రాయడం చాలామంది దాంతోనే మొదలుపెట్టారు. ఎన్నో పెద్ద యాప్‌లు వచ్చి వెళ్లిపోయాయి, లేఖిని పేరు ఇప్పటికీ వినపడుతోంది.

డబ్బు అడగడానికి మొహమాటం దేనికి?

ఫ్రీగా ఇచ్చి యాడ్స్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. లక్షల మంది వాడే గేమ్‌కి అది సరే. కొన్ని వందల మంది వాడే లెక్కల యాప్‌లో యాడ్స్‌తో టీ ఖర్చులు కూడా రావు, పైగా బాకీ లెక్క పక్కన లోన్ యాడ్ కనపడుతుంది. నాకది నచ్చదు. ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల ఆదాయం వరకు గూగుల్ తీసుకునేది 15 శాతం. వెయ్యి రూపాయలకి అమ్మితే, పన్నులు పక్కన పెడితే, 850 మన చేతికొస్తాయి. డబ్బు కట్టినవాడు గట్టిగా అడుగుతాడు, నిజం చెప్తాడు, మళ్లీ వస్తాడు. "యాప్‌కి డబ్బులేంటి?" అనేవాళ్లు ఉంటారు. వాళ్లని ఒప్పించడానికి నేను టైమ్ పెట్టను.

కాలేజీలో చదువుతూ మొదటి యాప్ మొదలుపెడదామనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. కొత్త పర్సనల్ అకౌంట్ అయితే యాప్ పబ్లిక్‌గా పెట్టే ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉండాలని ప్లే స్టోర్ రూల్. చాలామంది దీన్ని తలనొప్పి అనుకుని, ముక్కూ మొహం తెలియని గ్రూపుల్లో టెస్టర్లని అరువు తెచ్చుకుంటారు. అలా చేయకండి. మీ యాప్ నిజంగా అవసరమైన 12 మంది మీ ఊళ్లో దొరుకుతారేమో చూడండి. దొరికితే వాళ్ల కోసం చిన్నదిగా కట్టండి, వచ్చే ఆగస్టు గడువుని కూడా మోయగలిగేంత చిన్నదిగా. దొరకలేదంటే కోడ్ మొదలుపెట్టకముందే అసలు సంగతి తెలిసింది కదా, ఇంకో సమస్య వెతుక్కోండి. మన చుట్టూ వాటికేం కొదవ లేదు.