బీరువా మనది, తాళం వాళ్ళదా?

ఇక్కడ సోహార్‌లో మనవాళ్ళు కొత్త ల్యాప్‌టాపు కొంటే పాతదాంట్లోంచి సినిమాలు, పాటలు, ఫొటోలు జాగ్రత్తగా ఎక్కించుకుంటారు. పాత మెయిళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అవెందుకండీ, పారేద్దురూ!" అంటారు కొందరు. "అంతా క్లౌడులో ఉంటుందిలెండి" అంటారు ఇంకొందరు. రెండూ తప్పే.

మన ముందు గల్ఫుకొచ్చినవాళ్ళు ఇంటి ఉత్తరాలు ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. మనకి ఆ ట్రంకుపెట్టె మెయిలు ఫోల్డరే. అమ్మ చెబుతుంటే తమ్ముడు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన కబుర్లు, పొలం కాగితాల స్కాన్లు, అప్పు తీర్చిన రసీదులు అందులోనే ఉన్నాయి. ఉత్తరాల్ని చెత్త అనేవాళ్ళు రేపు గట్టు తగాదా వస్తే ఏం చూపిస్తారు?

ఇక క్లౌడు. మన 'రచ్చబండ' సాహిత్య చర్చలు జరిగింది యాహూ గ్రూప్స్‌లోనే. పాత సందేశాలన్నీ తీసేస్తామని 2019 అక్టోబరులో యాహూ చెప్పింది, 2020 డిసెంబరు 15న దుకాణమే కట్టేసింది. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాల్ని 2023 డిసెంబరు నుంచి తొలగిస్తామని గూగుల్ కూడా ప్రకటించింది. అద్దింట్లో సామాను పెట్టి ఓనరు మంచితనం మీద బతకడమే ఇది.

నా అసలు కోపం మెయిలు ప్రోగ్రాముల మీద. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కో ఫోల్డర్నీ ఒక్కో డీబీఎక్స్ ఫైలు చేసి, మామూలు మనిషికి కనపడని చోట దాచేది. 2007లో విస్టా వచ్చేసరికి ఆ ప్రోగ్రామే మాయం. పాత ఔట్‌లుక్‌లో పీఎస్టీ ఫైలు 2 జీబీ దాటితే మొరాయించేది. ఉత్తరం మనది, తాళం వాళ్ళదా? థండర్‌బర్డ్ వాడే ఎంబాక్స్ చూడండి. అది ఉత్త టెక్స్టు ఫైలు, ఏ ఎడిటర్లోనైనా తెరుచుకుంటుంది. రైస్ యూనివర్సిటీ పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో 1990లలో రాసిన తెలుగు మెయిళ్ళు ఇవాళ్టికీ చదవగలుగుతున్నామంటే, అవి ఉత్త టెక్స్టు కాబట్టే. ప్రత్యేక ఫాంటుతో పంపినవి, ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలు.

అందుకని పాత కంప్యూటరు ఇంకా పనిచేస్తుండగానే మొదలెట్టండి. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అయితే ఉత్తరాలన్నీ ఎంచి మామూలు ఫోల్డర్లోకి లాగండి, ఈఎంఎల్ ఫైళ్ళుగా వస్తాయి. పీఎస్టీ అయితే, అదే ఔట్‌లుక్‌లో మీ సొంత ఐమ్యాప్ ఖాతా ఒకటి పెట్టి అందులోకి కాపీ చేయండి. తర్వాత కొత్త కంప్యూటర్లో థండర్‌బర్డ్ పెట్టి, వాటిని లోకల్ ఫోల్డర్లలోకి దించుకోండి. ఒక్కో ఫోల్డర్లో ఉత్తరాల లెక్క సరిపోయిందో లేదో చూశాకే పాతదాన్ని వదలండి. ఇంకో కాపీ ఇండియాలో ఇంట్లో ఉంచండి.

కాంట్రాక్టు ముగిసి, వీసా క్యాన్సిలు కాగితాలతో తిరిగే వారంలో ఈ పని ఎవరికీ కుదరదు. పైగా ఆ వారమే కంపెనీ ల్యాప్‌టాపు తిరిగిచ్చేయాలి. ఈ శుక్రవారం సెలవేగా, కూర్చోండి.