ముప్పై బొమ్మలూ ఒక్కలాగే ఉంటే

మన ప్రాథమిక పాఠశాలల గోడల మీద తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు, ముందు ఏరు. దరిదాపుల్లో కొండ లేని కోనసీమ పిల్లవాడూ ఆ కొండలే వేస్తాడు. ఏరు ఎండిన అనంతపురం పల్లెలోని పిల్లా నిండుగా పారే ఏరే వేస్తుంది. టీచరు బోర్డు మీద గీశారు, తరగతి దాన్ని చూసి దింపింది. ముప్పై బొమ్మలూ ఒక్కలాగే ఉన్నాయంటే పిల్లలు బొమ్మలు వేయలేదనే అర్థం. టీచరు గీసిన ఒక బొమ్మకు ముప్పై నకళ్లు తీశారు, అంతే.

ఇంటికి ఇచ్చి పంపే ప్రాజెక్టు పనీ ఇంతే. రాత్రిపూట షాపుకు పరిగెత్తి చార్టు, థర్మోకోల్, స్టిక్కర్లు తెస్తారు. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ అంటిస్తుంది, పిల్ల నిద్రపోతుంది. మర్నాడు వచ్చే మెప్పులో ఆ పిల్ల చేతి పని ఏమీ ఉండదు.

నమూనా తీసేసి, ఖాళీ కాగితం ఇచ్చి చూడండి. ఏడేళ్ల పిల్ల కాగితం అడుగున నేల గీత గీస్తుంది. పై అంచున నీలం పట్టీ వేస్తుంది, అది ఆకాశం. మధ్యలో అమ్మ ఇంటికంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. గోడ ఉన్నా ఇంటి లోపలి పొయ్యి, దాని మీద గిన్నె కనిపిస్తూనే ఉంటాయి. పెద్దల కంటికి ఇవన్నీ తప్పులు. కానీ ఆ వయసు పిల్లలు తమకు ముఖ్యమైనదాన్ని పెద్దదిగా, లోపల ఉందని తెలిసినదాన్ని గోడ అడ్డున్నా కనిపించేలా వేస్తారని కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. ‘అమ్మ ఇల్లంత ఎత్తు ఉంటుందా?’ అని రబ్బరు చేతికిస్తే ఆ పిల్ల ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ‘అమ్మ ఏం చేస్తోందమ్మా ఇక్కడ?’ అని అడిగితే ఐదారు వాక్యాలు గడగడా చెబుతుంది. ఆ మాటల్ని టీచరు బొమ్మ కిందే రాసిపెడితే ఆ పిల్ల చదువుకోవడానికి అంతకు మించిన పాఠం ఉండదు.

సామగ్రికి డబ్బులేవీ అన్న ప్రశ్న వస్తుంది. బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి కాగితం మీద అద్దితే రేకల పువ్వు పడుతుంది. ఒక కాయకు ఐదు రేకలు, ఇంకో కాయకు ఆరు వస్తే ఎందుకలా అని పిల్లలే అడుగుతారు. పసుపు నీళ్లలో టీచరు చిటికెడు సున్నం కలిపితే రంగు ఎర్రబడుతుంది. పై తరగతుల్లో ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చేనాటికి ఆ మార్పు వాళ్లు కళ్లారా చూసినదే అవుతుంది. ఇటుక పొడి, బొగ్గు, ఆకు పసరు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి చేర్యాల కళాకారులు మాస్కులు చేస్తున్నారు. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులతో ఏటికొప్పాక బొమ్మలు తయారవుతున్నాయి. దగ్గర దొరికిన వస్తువుతో అందాన్ని సాధించడం మన నేలకు కొత్త కాదు.

లోటు ఎక్కువగా ఉన్నది ఏర్పాట్లలో. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమంది దాటితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ ప్రస్తావనే లేదు. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఆ చట్టం చెప్పేది ఇద్దరు టీచర్లనే. ఐదు తరగతుల తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు మోస్తున్న ఆ ఇద్దరిని తప్పుపట్టలేం. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి కావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోరింది. పాఠాలన్నిటిలో కళలను కలపాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ కలపడం కూడా లెక్కల పాఠానికి రంగుల చార్టు కట్టడంతో ముగిసిపోకూడదు.

ఇది అసాధ్యమేమీ కాదు. గాంధీజీ ఆశ్రమం ఉన్న సేవాగ్రామ్‌లో, చేతిపనితో చదువు నేర్పే నయీ తాలీమ్ బడిలో దేవీప్రసాద్ ఏళ్ల తరబడి పిల్లలతో బొమ్మలు వేయించారు. ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న చిత్రకారుడు. చదువుకు కళే పునాది అన్నది ఆ అనుభవంలోంచి ఆయన తేల్చిన మాట, రాసిన పుస్తకం. ఆ సేవాగ్రామ్ బడి పల్లెటూరి బడి, డబ్బున్న బడి కాదు.

అందుకే మా విన్నపాలు నాలుగు. రెండు తెలుగు ప్రభుత్వాలూ ప్రాథమిక బడుల టైంటేబుల్‌లో వారానికి ఒకసారి రెండు పీరియడ్లు వరసగా బొమ్మలకు కేటాయించాలి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఉద్యోగం లేక ఉన్నవాళ్లను నాలుగైదు బడులకు ఒకరు చొప్పున నియమించాలి. ఉపాధ్యాయులు బోర్డు మీద నమూనా గీయడం మానాలి. తల్లిదండ్రులు పిల్లల ప్రాజెక్టును పిల్లలకే వదిలేయాలి. అది వంకరగా వచ్చినా, జిగురు కారినా, అలాగే బడికి పంపండి. ఆ పని మీ పిల్ల చేసింది, మార్కు పడవలసింది దానికే.