డబ్బా పౌడరా, నాలుగు గుడ్లా?

సైనిక్‌పురిలో జిమ్‌లో చేరిన వారానికే మనవాళ్ల చూపు ప్రొటీన్ డబ్బా మీద పడుతుంది. కిలో 2,500 రూపాయలు వేసుకున్నా, ఒక్క స్కూప్ 80 పైనే. అందులో ఉండేది సుమారు 24 గ్రాముల ప్రొటీన్. గుడ్డుకి 6 గ్రాములు, అంటే నాలుగు గుడ్లు చాలు, ముప్ఫై రూపాయల పని. 50 గ్రాముల మీల్‌మేకర్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది, ఇంకా చవగ్గా. ఇంతకీ వే ప్రొటీన్ అంటే చీజ్ తయారీలో మిగిలే నీళ్లే బాసూ, పొడి చేసి అమ్ముతారు!

మనకి దగ్గర్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. క్రియాటిన్ సంగతి వేరు, బరువులెత్తేవాళ్లకి అది పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. కానీ పొద్దున మెస్‌లో టిఫిన్ ఎగ్గొట్టి, సాయంత్రం షేకర్ ఊపేవాడికి అదైనా ఏం చేస్తుంది? ముందు ఆ టిఫిన్ తినండి, పక్కన రెండు గుడ్లు ఎక్స్‌ట్రా వేయించుకోండి.